తాళం ఆటకి, తంటా కొన్నవాడికి

కీబోర్డు మీద స్క్రోల్ లాక్ అని ఒక మీట ఉంటుంది. దాన్ని ఎప్పుడైనా పనిబడి నొక్కినవాళ్లు అరుదు. 2021 నవంబరులో ఇంటెల్ కంపెనీ దానికో పని కల్పించింది. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన ఆల్డర్ లేక్ ప్రాసెసర్లలో రెండు రకాల కోర్లున్నాయి. బరువు పనులకు పెద్దవి, చిల్లర పనులకు చిన్నవి. కొన్ని ఆటల్లో ఉన్న కాపీ ప్రొటెక్షన్ ఈ రెండు రకాలనీ చూసి, ఇవి రెండు వేర్వేరు కంప్యూటర్లని పొరబడింది. ఒక లైసెన్సు మీద రెండు మెషీన్లలో ఎలా ఆడతారంటూ కొన్ని ఆటల్ని మొదలే కానివ్వలేదు, కొన్నింటిని మధ్యలో కూలగొట్టింది. ఇబ్బంది పడే ఆటలు సుమారు 50 ఉన్నాయని ఇంటెలే జాబితా ఇచ్చింది. దానికి చెప్పిన తాత్కాలిక వైద్యం ఇది: బయోస్‌లో ఒక సెట్టింగు మార్చుకోవాలి, ఆట తెరిచే ముందు స్క్రోల్ లాక్ నొక్కాలి. చిన్న కోర్లు పక్కకు తప్పుకుంటాయి. ఆట అయ్యాక మళ్లీ నొక్కితే తిరిగొస్తాయి. వేలకు వేలు పోసి కొత్త ప్రాసెసర్ కొని, అందులో కొన్ని కోర్లని మనమే పడుకోబెట్టాలన్నమాట, అదీ డబ్బు చెల్లించి కొన్న ఆట కోసం. ఆ తర్వాత కొన్ని నెలల్లో ప్యాచ్‌లు వచ్చి సమస్య తీరింది.

దొంగ కాపీలు ఆపడానికని ఆటల కంపెనీలు వేసిన తాళాలు, నిజాయితీగా కొన్నవాళ్ల మెషీన్లలో చేసిన అల్లరి ఇప్పటిది కాదు. నలభై ఏళ్ల పై మాటే. అందులోంచి ఏరినవి ఈ విశేషాలు.

టకటకలాడిన డ్రైవ్

కమడోర్ 64 కంప్యూటర్ 1982లో వచ్చింది. దాని ఫ్లాపీ డ్రైవ్ పేరు 1541. డిస్కు చదివే హెడ్డు ఇప్పుడు ఏ ట్రాక్ మీద ఉందో చెప్పే సెన్సర్ అందులో లేదు. చదవడంలో తప్పొచ్చి దారి తెలియనప్పుడు ఆ డ్రైవ్‌కి తెలిసిన ఉపాయం ఒకటే. హెడ్డుని బయటి అంచు వైపు, అడ్డుకి తగిలేదాకా తోసుకుంటూ పోవడం. తగిలాక కూడా కాసేపు తోస్తూనే ఉంటుంది. గదంతా వినబడేలా టకటకమని చప్పుడు. ఇక కదలదు కాబట్టి ఇదే మొదటి ట్రాక్ అని లెక్క మళ్లీ మొదలుపెడుతుంది.

ఆటల కంపెనీలు సరిగ్గా ఇక్కడే కిటుకు పట్టాయి. ఫ్లాపీ మీద కావాలని కొన్ని సెక్టార్లు చెడగొట్టి అమ్మేవి. ఆట మొదలయ్యేటప్పుడు ఆ చెడిన సెక్టారు చదివి, తప్పు వస్తేనే ఇది అసలు డిస్కు అని నమ్మేది. మామూలుగా కాపీ కొడితే ఆ తప్పు కాపీలోకి రాదు, ఆట నడవదు. ఉపాయం బాగానే ఉంది. కాకపోతే షాపులో కొన్నవాడు ఆట తెరిచినప్పుడల్లా హెడ్డు వెళ్లి అడ్డుకి గుద్దుకునేది. గుద్దుకుని గుద్దుకుని దాని అమరిక తప్పేది. ఆ తర్వాత మంచి ఫ్లాపీలు కూడా చదవలేక డ్రైవ్ రిపేరుకి పోయేది. తాళం తీసేసిన దొంగ కాపీ తెచ్చుకున్నవాడి డ్రైవ్‌కి ఈ గుద్దులాట లేదు.

ప్లాస్టిక్ అద్దంలో అక్షరాలు

1985లో జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్‌కి ఎలైట్ ఆట వచ్చినప్పుడు పెట్టెలో లెన్స్‌లాక్ అనే చిన్న ప్లాస్టిక్ అద్దం ఇచ్చారు. టీవీ తెర మీద చెల్లాచెదురుగా కనబడే గీతల్ని ఆ అద్దంలోంచి చూస్తే రెండు అక్షరాలు తెలుస్తాయి. వాటిని టైపు చేస్తే ఆట తెరుచుకుంటుంది. టీవీ మరీ పెద్దదైనా, మరీ చిన్నదైనా అక్షరాలు కుదిరేవి కావు. దానికి తోడు కొన్ని పెట్టెల్లో వేరే ఆట తాలూకు అద్దం పెట్టి పంపించారు. కొన్నవాళ్లు ఎన్నిసార్లు కళ్లు చికిలించి చూసినా లాభం లేకపోయింది.

లాహోర్ నుంచి ఒక వైరస్

ఇది ఆటల సంగతి కాదు గాని, చెప్పకుండా దాటేయడానికి మనసొప్పదు. ఐబీఎం పీసీలకు సోకిన మొట్టమొదటి వైరస్‌గా చెప్పుకునే బ్రెయిన్ 1986లో పాకిస్తాన్‌లోని లాహోర్‌లో పుట్టింది. రాసినవాళ్లు బాసిత్, అంజద్ ఫారూక్ అల్వీ అనే అన్నదమ్ములు. తాము రాసిన వైద్య సాఫ్ట్‌వేర్‌ని జనం కాపీ కొడుతున్నారని, వాళ్లని పట్టుకోవడానికే ఇది రాశామని చెప్పుకున్నారు. వైరస్ లోపల వాళ్ల పేర్లు, చిరునామా, ఫోన్ నంబర్లు కూడా పెట్టారు. ఫ్లాపీల మీద ఎక్కి అది ఖండాలు దాటిపోయింది. విదేశాల నుంచి వాళ్ల షాపుకి ఫోన్లు వచ్చాయి.

రింగ్ జీరో అంటే

మన పీసీలోని ప్రాసెసర్ ప్రోగ్రాములన్నిటినీ ఒకే తీరుగా చూడదు. బ్రౌజరు, వర్డు, ఆట లాంటివి పై అంచెలో నడుస్తాయి. వాటికి వేరే ప్రోగ్రాము మెమరీ ముట్టుకునే హక్కు లేదు, హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే హక్కు లేదు. అట్టడుగు అంచెలో విండోస్ కెర్నెల్, డ్రైవర్లు ఉంటాయి. దాన్నే రింగ్ జీరో అంటారు. అక్కడ నడిచే కోడ్‌కి అడ్డూ ఆపూ లేదు. అక్కడ చిన్న పొరపాటు జరిగినా ఆగిపోయేది ఆట ఒక్కటే కాదు, మెషీన్ మొత్తం నీలి తెర వేసుకుని కూలబడుతుంది.

2000 తర్వాత కాపీ ప్రొటెక్షన్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి ఈ అట్టడుగుకి దిగాయి. సినిమా హాలు గేటు దగ్గర టికెట్టు చింపే మనిషి, మన ఇంటి బీరువా తాళం చెవులు కూడా ఇచ్చి వెళ్లమన్నట్టుంది ఆ వ్యవహారం. కారణం లేకపోలేదు. అప్పట్లో డీమన్ టూల్స్, ఆల్కహాల్ 120 శాతం లాంటి సాఫ్ట్‌వేర్లు లేని సీడీ డ్రైవ్‌ని ఉన్నట్టు చూపించేవి. కాపీ చేసిన ఫైలుని ఆ నకిలీ డ్రైవ్‌లో పెడితే ఆట నమ్మేసేది. అసలు డ్రైవ్ ఏదో, నకిలీది ఏదో పై అంచె నుంచి చూస్తే తెలియదు. అందుకని కిందికి దిగారు. దిగినవాళ్లు అక్కడే కాపురం పెట్టేశారు.

మాస్కో తాళం

ఈ కాపురాల్లో ఎక్కువ తిట్లు తిన్నది రష్యాకు చెందిన స్టార్‌ఫోర్స్. ఆట ఇన్‌స్టాల్ చేస్తే దాని డ్రైవర్ కూడా చేరేది, మెషీన్ రీస్టార్ట్ చేయమనేది. ఆట తీసేసినా డ్రైవర్ మాత్రం ఉండిపోయేది. అది ఉందో లేదో చూడాలంటే విండోస్ ఎక్స్‌పీలో డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో దాచిన డివైస్‌లు చూపించమని టిక్కు పెట్టి, నాన్ ప్లగ్ అండ్ ప్లే డ్రైవర్ల జాబితా విప్పాలి. ఆ వరసలో స్టార్‌ఫోర్స్ పేరు కనబడేది. ఆట కొనుక్కున్న మామూలు మనిషి అక్కడిదాకా వెళ్లి వెతుకుతాడని ఆ కంపెనీ అనుకుని ఉండదు.

డ్రైవర్ ఉండటం కంటే పెద్ద గొడవ సీడీ, డీవీడీ డ్రైవ్‌ల గురించి వచ్చింది. స్టార్‌ఫోర్స్ ఆటలు వేసుకున్నాక డ్రైవ్ నత్తనడక నడుస్తోందని, డిస్కు రాస్తే చెడిపోతోందని ఆటగాళ్లు ఫిర్యాదు చేశారు. దీని వెనక విండోస్ స్వభావం ఒకటి ఉంది. డ్రైవ్ నుంచి సమాచారం మెమరీకి చేరడానికి రెండు దారులు. డీఎమ్ఏ దారిలో ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా చేరుతుంది. పీఐఓ దారిలో ప్రతి ముక్కనీ ప్రాసెసరే స్వయంగా మోయాలి. ఎక్స్‌పీకి ఒక అలవాటు ఉంది. ఒక డ్రైవ్ దగ్గర ఆరుసార్లు తప్పులు లెక్కకొస్తే, ఈ డ్రైవ్‌కి ఇంత వేగం పనికిరాదని ఒక మెట్టు దించుతుంది. అలా దించుకుంటూ చివరికి పీఐఓకి తెస్తుంది. మళ్లీ పైకి ఎక్కించదు. మెషీన్ ఆపి వేసినా అంతే. కాపీ తనిఖీ కోసం డ్రైవ్‌ని మామూలు పద్ధతిలో కాకుండా వాడటం వల్ల ఈ తప్పుల లెక్క పెరుగుతోందన్నది ఆటగాళ్ల ఆరోపణ. కంపెనీ ఒప్పుకోలేదు. పైగా, మా సాఫ్ట్‌వేర్ వల్ల డ్రైవ్ చెడిపోయిందని మాస్కో వచ్చి రుజువు చేస్తే 10,000 డాలర్లు ఇస్తామని పందెం వేసింది. డ్రైవ్ చూపించడానికి మాస్కోదాకా ఎవరు పోతారు?

విరుగుడు తెలిసినవాళ్లు డివైస్ మేనేజర్‌లో ఆ డ్రైవ్ ఉన్న ఐడీఈ ఛానెల్‌ని తొలగించి మెషీన్ రీస్టార్ట్ చేసేవారు. విండోస్ దాన్ని కొత్తగా గుర్తుపట్టి లెక్క సున్నా నుంచి మొదలుపెట్టేది. తెలియనివాళ్లు డ్రైవ్ పోయిందనుకుని కొత్తది కొనుక్కునేవారు.

న్యాయంగా చెప్పాలంటే తాళంగా స్టార్‌ఫోర్స్ గట్టిదే. 2005లో వచ్చిన స్ప్లింటర్ సెల్: కేయాస్ థియరీ ఆటని పగలగొట్టడానికి క్రాకర్లకు ఏడాదికి పైగా పట్టింది. కంపెనీని చెడగొట్టింది తాళం కంటే నోరు. 2006 జనవరిలో బోయింగ్ బోయింగ్ బ్లాగులో కోరీ డాక్టరో అనే రచయిత స్టార్‌ఫోర్స్‌ని హానికర సాఫ్ట్‌వేర్ అని రాస్తే, కోర్టుకి లాగుతామని బెదిరించారు. ఆయన ఆ బెదిరింపు ఉత్తరాన్నీ అచ్చేశాడు. మార్చిలో ఇంకో ఘనకార్యం జరిగింది. స్టార్‌డాక్ కంపెనీ తన గెలాక్టిక్ సివిలైజేషన్స్ 2 ఆటని ఏ కాపీ ప్రొటెక్షనూ లేకుండా అమ్ముతోంది, బాగానే అమ్ముడుపోతోంది. తాళం లేకపోతే ఏమవుతుందో చూడండంటూ స్టార్‌ఫోర్స్ ఉద్యోగి ఒకరు ఆ ఆట దొంగ కాపీ దొరికే లింకుని తమ సొంత చర్చావేదికలోనే పెట్టారు! తర్వాత కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. తన ఆటల్లో స్టార్‌ఫోర్స్‌ని పెట్టినందుకు అమెరికాలో యూబీసాఫ్ట్ కంపెనీ మీద 50 లక్షల డాలర్ల దావా పడింది. ఏప్రిల్లో యూబీసాఫ్ట్ స్టార్‌ఫోర్స్‌ని వదిలేసింది.

పాట వినబోతే

2005 అక్టోబరు 31న మార్క్ రుసినోవిచ్ అనే విండోస్ నిపుణుడు తన కంప్యూటర్లో దొరికినదాన్ని లోకానికి చూపించాడు. సోనీ బీఎమ్‌జీ మ్యూజిక్ సీడీ పెట్టినందుకు, ఫైళ్లని విండోస్ కంటికే కనబడకుండా దాచే సాఫ్ట్‌వేర్ ఒకటి చడీచప్పుడు లేకుండా చేరిపోయింది. దాని పద్ధతి మరీ మోటుగా ఉంది. పేరు ముందు డాలర్ గుర్తు, సిస్, మళ్లీ డాలర్ గుర్తు ఉంటే చాలు, ఆ ఫైలు ఎవరిదైనా సరే మాయం. కొద్ది రోజుల్లోనే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో మోసం చేసేవాళ్లు దీన్ని పట్టేశారు. ఆ ఆటకి వార్డెన్ అనే కాపలా ప్రోగ్రాము ఉంది. మోసం చేసే ఫైలుకి ముందు ఆ గుర్తులు తగిలిస్తే వార్డెన్‌కి కనబడదు. అంటే పాటల దొంగల్ని పట్టడానికి సోనీ చేసిన ఏర్పాటు ఆటల్లోని దొంగలకు ముసుగైంది. తర్వాత వైరస్‌లు రాసేవాళ్లూ అదే ముసుగు వాడుకున్నారు. తొలగించడానికి కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాము మెషీన్లో ఇంకో కన్నం పెట్టింది. 2007లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంస్థ ఎఫ్‌టీసీతో రాజీ కుదిరింది. పాడైన కంప్యూటర్‌కి 150 డాలర్ల దాకా చెల్లించడానికి సోనీ ఒప్పుకుంది.

ఆట ఆడనివాడికీ వాటా

మాక్రోవిజన్ కంపెనీ సేఫ్‌డిస్క్ సంగతి ఇంకా విచిత్రం. దాని డ్రైవర్‌ని మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీతో పాటే ఇచ్చేసింది. ఆటలంటే పడని గుమాస్తా కంప్యూటర్లో కూడా అది ఉండేది. 2007 చివర్లో ఆ డ్రైవర్‌లో పెద్ద లోపం బయటపడింది. మెషీన్లో మామూలు యూజర్‌గా జొరబడినవాడు దాని ఆసరాతో సర్వాధికారాలూ సంపాదించొచ్చు. దాడులు మొదలయ్యాక డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది.

2015లో విండోస్ 10 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఆ డ్రైవర్‌ని ఏకంగా వదిలేసింది. సెప్టెంబరులో విండోస్ 7, 8లకూ ఒక అప్‌డేట్ పంపి దాన్ని ఆపేసింది. భద్రత కోణంలో మంచి పనే. కానీ డబ్బు పెట్టి కొన్న సేఫ్‌డిస్క్ ఆటల సీడీలు అల్మారాలో ఎన్నున్నా ఇక నడవవు. డిస్కుకి గీత పడలేదు, ఆటకి ఏమీ కాలేదు. తాళం తుప్పు పట్టిందంతే. ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసిన పని తాళం తీసేసే ఫైలు, అంటే క్రాక్ వెతుక్కోవడం. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారు సందుల్లో కవర్లో పెట్టి అమ్మిన కాపీ సీడీలతో ఆటలు నేర్చుకున్న మన కుర్రాళ్లకు క్రాక్ అనే మాట కొత్త కాదు. అసలు డబ్బా కొన్నవాడు కూడా చివరికి అక్కడికే రావడం చూస్తే నవ్వొస్తుంది.

మూడుసార్లే

సోనీ డీఏడీసీ తయారుచేసిన సెక్యురామ్ ఆటని ఎన్ని కంప్యూటర్లలో వేసుకోవచ్చో లెక్క పెట్టేది. 2007లో బయోషాక్‌కి మొదట రెండుసార్లే అన్నారు. గోల పెడితే అయిదు చేశారు. పైగా మెషీన్లో ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూసుకోవడానికి వాడే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ పాత వెర్షన్ ఒకసారి తెరిచి ఉంటే సెక్యురామ్ ఆటని నడవనిచ్చేది కాదు. ఆ పనిముట్టు రాసింది ఎవరనుకున్నారు? సోనీ సీడీల గుట్టు బయటపెట్టిన రుసినోవిచ్చే. 2008లో మాస్ ఎఫెక్ట్ ఆట పది రోజులకోసారి ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలన్న ఆలోచనని, జనం మండిపడటంతో విడుదలకి ముందే మానుకున్నారు.

అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన స్పోర్‌కి మూడు కంప్యూటర్ల పరిమితి పెట్టారు. అమెజాన్‌లో 2,000 మందికి పైగా ఒక్క చుక్క రేటింగ్ ఇచ్చి కడుపుమంట చల్లార్చుకున్నారు. చెప్పకుండా సెక్యురామ్ ఎక్కించారని, ఆట తీసేసినా అది పోవడం లేదని కాలిఫోర్నియాలో దావా పడింది. ఇంత కట్టుదిట్టం చేసిన ఆట ఆ ఏడాది ఎక్కువగా దొంగిలించబడినదిగా టోరెంట్‌ఫ్రీక్ వెబ్‌సైట్ జాబితాకెక్కింది. 17 లక్షల డౌన్‌లోడ్‌లు.

సెక్యురామ్‌కి తోక ముక్క ఒకటి ఉంది. డిస్నీ వారి ట్రాన్: ఎవల్యూషన్ 2010 నాటి ఆట. 2019లో ఆ లైసెన్సు గడువు తీరిపోయిందంటూ కొన్నవాళ్లకే తెరుచుకోవడం మానేసింది.

దొంగ దగ్గరే అప్పు

2008 జూలైలో యూబీసాఫ్ట్‌కి ఒక చిక్కొచ్చింది. రెయిన్‌బో సిక్స్ వేగాస్ 2 ఆటకి ఇచ్చిన ప్యాచ్, ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్ కొనుక్కున్నవాళ్లని కూడా డిస్కు పెట్టమని అడగసాగింది. వాళ్ల దగ్గర డిస్కెక్కడిది? కంపెనీ అధికారికంగా ఒక పరిష్కారం ఇచ్చింది, ఆట నడిచింది. ఆ ఫైలుని విప్పి చూసినవాళ్లకు రీలోడెడ్ అనే క్రాకర్ల ముఠా సంతకం కనబడింది. తాళం వేసిన కంపెనీయే, దొంగలు రాసిన క్రాక్‌ని తన కొనుగోలుదారులకు పంచింది. 2010లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో అమ్మిన మ్యాక్స్ పేన్ 2లోనూ ఇలాగే మిత్ అనే ముఠా ముద్ర బయటపడింది.

నెట్ పోతే ఆట పోయె

2010లో యూబీసాఫ్ట్ పద్ధతి మార్చింది. అసాసిన్స్ క్రీడ్ 2, సైలెంట్ హంటర్ 5 ఆడుతున్నంతసేపూ ఇంటర్నెట్ ఉండాలి. ఒంటరిగా ఆడుకునే ఆటకి కూడా. మార్చి 7, ఆదివారం నాడు ఆ సర్వర్ల మీద దాడి జరిగింది. ఇంట్లో నెట్ భేషుగ్గా ఉన్నా ఆట తెరుచుకోలేదు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గాని రౌటర్ ఆగిపోతుందన్న సంగతి మన ఇళ్లలో పిల్లల్ని అడిగినా చెప్తారు. ఫ్రాన్సులో కూర్చుని ఆ నియమం రాసినవాళ్లకు తట్టినట్టు లేదు. 2012కల్లా ఆ నియమాన్ని ఎత్తేశారు.

ఆ 2012 జూలైలోనే ఇంకోటి బయటపడింది. యూబీసాఫ్ట్ ఆటలతో వచ్చే యూప్లే అనే ప్రోగ్రాము, బ్రౌజరులో ఒక ప్లగిన్ పెట్టేది. ఆట తెరవడానికే పెట్టినా, అది ఏ వెబ్‌సైట్ అడిగినా ఏ ప్రోగ్రామైనా తెరిచేసేదని గూగుల్ భద్రతా ఇంజనీరు టావిస్ ఆర్మండీ చూపించాడు. కంపెనీ గంటల్లో సరిదిద్దింది.

విమానంలో పాస్‌వర్డ్ దొంగ

2018 ఫిబ్రవరిలో ఫ్లైట్ సిమ్ ల్యాబ్స్ చేసిన పని ఈ జాబితాలో నాకు అన్నిటికంటే రోత పుట్టించింది. విమానం నడిపే ఆటల్లో వాడుకునే ఎయిర్‌బస్ ఏ320 ప్యాకేజీ అది. దాని ఇన్‌స్టాలర్‌లో టెస్ట్ అనే అమాయకపు పేరుతో ఒక చిన్న ప్రోగ్రాము దొరికింది. క్రోమ్ బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డ్‌లని బయటికి లాగే పనిముట్టు. ఇదేమిటని నిలదీస్తే, ఒక ఫలానా దొంగని పట్టుకోవడానికి పెట్టామని, దొంగ సీరియల్ నంబరు వాడినవాడి మెషీన్లో మాత్రమే అది పనిచేస్తుందని కంపెనీ జవాబిచ్చింది. అంటే నిజాయితీగా డబ్బు కట్టినవాళ్ల ఇన్‌స్టాలర్‌లోనూ ఆ దొంగ సరుకు ఉందన్నమాటే కదా! క్షమాపణ చెప్పి తీసేశారు. దొంగతనం చేసినవాడి పాస్‌వర్డ్ దొంగిలించే హక్కు ఆట అమ్మినవాడికి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ క్షమాపణలో లేదు.

ఒక్క రోజు బతికిన డ్రైవర్

2016 సెప్టెంబరు 22న స్ట్రీట్ ఫైటర్ 5కి అప్‌డేట్ వచ్చింది. ఆట తెరిచినప్పుడల్లా విండోస్ అనుమతి అడగడం మొదలుపెట్టింది. ఆటలోని డబ్బుని అడ్డదారిలో పెంచుకునేవాళ్లని ఆపడానికి క్యాప్‌కామ్ పెట్టిన కొత్త డ్రైవర్ అందుకు కారణం. దాన్ని విప్పి చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు.

ఇంటెల్ ప్రాసెసర్లలో 2012 నుంచి ఎస్ఎమ్ఈపీ అనే రక్షణ ఉంది. పై అంచెలోని ప్రోగ్రాము రాసిన కోడ్‌ని కెర్నెల్ అధికారంతో నడవనివ్వకుండా అది అడ్డుకుంటుంది. క్యాప్‌కామ్ డ్రైవర్ చేసే పని ఇంతే: ఎవరైనా ఒక కోడ్ చిరునామా ఇస్తే, ఈ రక్షణని ఆపేసి, ఆ కోడ్‌ని కెర్నెల్ హోదాలో నడిపి, మళ్లీ రక్షణని పెట్టేయడం. అడిగింది ఆటేనా, ఇంకెవరైనానా అని చూడదు. మర్నాడే కంపెనీ ఆ అప్‌డేట్‌ని వెనక్కి తీసుకుంది. ఆటలోంచి పోయింది గాని లోకంలోంచి పోలేదు. దాని మీద చెల్లుబాటయ్యే డిజిటల్ సంతకం ఉంది. సంతకం ఉన్న డ్రైవర్‌ని విండోస్ నమ్ముతుంది. దాంతో దాడి చేసేవాళ్లు ఆ ఫైలుని వెంటబెట్టుకుని వచ్చి, స్ట్రీట్ ఫైటర్ పేరే విననివాళ్ల కంప్యూటర్లలోనూ ఎక్కించి వాడుకున్నారు. 2022లో గెన్షిన్ ఇంపాక్ట్ ఆట మోసాల నివారణ డ్రైవర్‌కీ ఇదే గతి పట్టింది. దాని ఆసరాతో యాంటీవైరస్‌ని చంపేసి రాన్సమ్‌వేర్ దింపిన ఉదంతాన్ని ట్రెండ్ మైక్రో సంస్థ వెల్లడించింది.

పందులు, తేలు, దివాళా

అన్ని తాళాలూ మెషీన్ జోలికి వెళ్లవు. కొన్ని ఆటలోనే దొంగని ఏడిపిస్తాయి. 1998 నాటి సెట్లర్స్ 3 దొంగ కాపీలో ఇనుము కరిగించే కొలిమిలోంచి పందులు వచ్చేవి. 2011లో సీరియస్ శామ్ 3లో చావు లేని తేలు వెంటబడేది. 2013లో గేమ్ డెవ్ టైకూన్ తయారీదార్లు తామే ఒక దొంగ కాపీ వదిలారు. ఆటలు తయారుచేసే కంపెనీ నడపడమే ఆ ఆట. దొంగ కాపీలో మాత్రం జనం కాపీలు కొట్టి మీ కంపెనీ దివాళా తీస్తుంది. మొదటి రోజు 3,104 మంది ఆ కాపీ ఆడితే, కొన్నవాళ్లు 214 మంది.

ఈ సరదాకి ఒక చేదు ముక్క ఉంది. 2006లో టైటన్ క్వెస్ట్ దొంగ కాపీలో తనిఖీ తప్పితే ఆట ఉన్నపళంగా కూలిపోయేది. అలా కూలిపోవడం శిక్ష అని దొంగలకు తెలియదు. ఆట నిండా బగ్గులే అని వాళ్లు ఊరంతా చాటారు. కొందామనుకున్నవాళ్లు ఆగిపోయారు. తయారుచేసిన ఐరన్ లోర్ స్టూడియో 2008లో మూతపడింది. దాని మీద ప్రచురణ సంస్థ టీహెచ్‌క్యూలో పనిచేసిన మైకేల్ ఫిచ్ బాహాటంగానే వాపోయాడు.

డెనువో కాలం

సెక్యురామ్ చేసిన బృందమే సోనీ నుంచి విడిపోయి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో డెనువో పెట్టుకుంది. 2014లో ఫిఫా 15తో రంగంలోకి దిగింది, 2018లో ఇర్డెటో దాన్ని కొనేసింది. దీని తాళం అట్టడుగు డ్రైవర్ కాదు. ఆట కోడ్‌లోనే అక్కడక్కడా తనిఖీలు గుచ్చి, వాటిని చిక్కుముళ్లు చేసి పెడుతుంది. కాబట్టి సీడీ డ్రైవ్ చెడిపోయే భయం లేదు. ప్రాసెసర్ మీద భారం ఎంత అన్నదే వాదన. తనిఖీ ఎక్కడ పెట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది. మెనూ దగ్గర ఒకసారి చేస్తే ఎవరికీ తెలియదు. సెకనుకి అరవైసార్లు నడిచే కోడ్‌లో పెడితే ఆట తడబడుతుంది. 2017లో రైమ్ ఆటని పగలగొట్టిన క్రాకర్, సెకనుకి పది నుంచి ముప్ఫై తనిఖీలు జరుగుతున్నాయన్నాడు. తాళం పగిలితే మేమే తీసేస్తామని ముందే మాటిచ్చిన ఆ ఆట తయారీదారు టెక్విలా వర్క్స్ మాట నిలబెట్టుకుంది.

2021లో రెసిడెంట్ ఈవిల్ విలేజ్‌లో శత్రువుని కాల్చినప్పుడల్లా తెర ఒక్క క్షణం బిగుసుకుపోయేది. ఆటగాళ్లు తమ గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకున్నారు. జూలైలో క్రాక్ వచ్చింది. అందులో ఆ బిగుసుకుపోవడం లేదు. పోల్చి చూసిన డిజిటల్ ఫౌండ్రీ సంస్థ, నిజమే, దొంగ కాపీయే నున్నగా నడుస్తోందని తేల్చింది. అదే నెలలో క్యాప్‌కామ్ ప్యాచ్ ఇచ్చి, కాపీ నిరోధక సాంకేతికతని సవరించామని ఒప్పుకుంది. డెనువోతో పాటు క్యాప్‌కామ్ సొంత తాళం కూడా అందులో ఉండేది. ఏ తాళం పాపం ఎంతో పంచడం కష్టం.

2021 నవంబరులోనే డెనువో వాడే ఒక ఇంటర్నెట్ చిరునామా గడువు తీరిపోయింది. రెన్యూ చేయడం మర్చిపోయారు. ఆ శని, ఆదివారాల్లో పలు ఆటలు తెరుచుకోలేదు. లైనక్స్‌లో ఆడేవాళ్లది ఇంకో తిప్పలు. విండోస్ ఆటల్ని లైనక్స్‌లో నడిపే ప్రోటాన్ వెర్షన్ మార్చిన ప్రతిసారీ డెనువో దాన్ని కొత్త కంప్యూటరుగా లెక్కేస్తుంది. ఏ వెర్షన్‌లో బాగా నడుస్తుందో చూద్దామని అయిదారు మార్చి చూస్తే ఒక రోజంతా ఆట బంద్.

డూమ్ ఎటర్నల్ 2020 మార్చిలో డెనువో తాళంతో వచ్చింది. అదే ఆటతో పాటు తాళం లేని అసలు ప్రోగ్రాము ఫైలు కూడా ఒక ఫోల్డర్లో పెట్టి పంపేశారు. ఎవరూ పగలగొట్టాల్సిన పని లేకుండా పోయింది. మేలో మళ్లీ డెనువో యాంటీ చీట్ అని కెర్నెల్ డ్రైవర్ ఒకటి తగిలిస్తే, ఆటగాళ్ల తిట్లకు వారం తిరగకుండా తీసేస్తామని ప్రకటించారు.

ఇప్పుడు కొనేముందు చూసుకోవడానికి కాస్త వీలుంది. స్టీమ్‌లో ఆట పేజీకి కుడిపక్క, భాషల జాబితా చుట్టుపక్కల, ఒక చిన్న పెట్టె ఉంటుంది. డెనువో ఉంటే ఆ పేరు, రోజుకి అయిదు కంప్యూటర్ల పరిమితి అన్న మాట అందులో కనబడతాయి. 2024 అక్టోబరు చివరి నుంచి, కెర్నెల్‌లో దిగే యాంటీ చీట్ ఉన్నా ఆ పేజీలో చెప్పి తీరాలని స్టీమ్ నియమం పెట్టింది. ఆట తీసేశాక ఆ డ్రైవర్ పోతుందా, ఉండిపోతుందా అన్నది కూడా అక్కడ చదువుకోవచ్చు.